బీడీ మూతి మడిచే గోరు

సోలాపూర్ నీలం నగర్‌లో బీడీలు చేసే ఆడవాళ్ల మధ్య రేణుకకు రెండు పేర్లున్నాయి. ఎదురుపడితే పిలిచే పేరు రేణుక, వెనక చెప్పుకునే పేరు గోరు రేణుక. ఈ రెండో పేరు తనకు తెలియదని వాళ్లు అనుకునేవారు గానీ ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. మురవదా మరి? తునికాకు కత్తిరించడం ఎవరైనా చేస్తారు. తంబాకు పోసి చుట్టడం కొన్నాళ్లు చాట ముందు కూర్చుంటే ఎవరికైనా పట్టుబడుతుంది. బీడీ పనితనమంతా మూతి మడతలో ఉంటుంది. ఆకు అంచు చిరగకుండా, తంబాకు రాలకుండా లోపలికి మడిచి నొక్కాలి. దానికి చాలామంది చిన్న రేకు ముక్క పట్టుకుంటారు. రేణుక మాత్రం కుడి బొటనవేలి గోరు పెంచి దానితోనే మడిచేది. కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే గుమస్తా, అందరి కట్టలూ విప్పి విప్పి చూసేవాడు, ఆమె కట్టలను మాత్రం చూడకుండానే పక్కన పెట్టేవాడు.

ఆమె పుట్టింది ఈ గల్లీల్లోనే. తాత కరీంనగర్ దిక్కు నుంచి మిల్లుల్లో పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. పెళ్లిచూపులకు వచ్చిన అత్త పిల్ల ముఖం కంటే ముందు పిల్ల చేసిన బీడీ కట్టను చూసిందని భర్త గోవర్ధన్ ఇప్పటికీ ఏడిపిస్తాడు. అతను ఒక షెడ్డులో టవళ్ల మగ్గాలు నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో మాట్లాడే పని కూడా రేణుకదే. చుట్టుపక్కల ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచి పట్టుకెళ్లేది, ఎవరింట్లో శుభకార్యమైనా పొయ్యి దగ్గర తానే కూర్చునేది. గోరు విషయం తప్పిస్తే మంచి మనిషే. గోరు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఆ నోటికి ఎక్కువగా దొరికింది రెండు గల్లీల అవతల ఉండే మనీషా. ఇద్దరూ ఒకే కార్ఖానాకు బీడీలు ఇస్తారు, వదినా అంటే వదినా అనుకుంటారు. మనీషాకూ ఒకప్పుడు చక్కని గోరుండేది. కూతురు ఆరతి కుస్తీ నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆమె తన గోరు తీసేసి రేకు ముక్క పట్టింది. ఎందుకంటే, సెలవుల్లో ఆరతి కూడా చాట ముందు కూర్చుంటుంది, తనను చూసి పిల్ల గోరు పెంచుకుంటుంది, కుస్తీలో గోరు పనికిరాదు అని చెప్పింది. రేణుక పడీ పడీ నవ్వింది. రేకుతో మూతి మడవడమంటే పెట్టుడు పళ్లతో బువ్వ తిన్నట్టే అని కార్ఖానా వరసలో అందరూ వినేట్టు అంది. ఆనాటి నుంచి మనీషా అక్కడ రేకు మనీషా అయింది. ఆమె మాత్రం తన రేకు తాను పట్టుకుని పని చేసుకుంది.

తమాషా ఏమిటంటే రేణుక కూతురు ఋతుజ కూడా కుస్తీ పిల్లే. తొమ్మిదో తరగతి. ఋతుజ, ఆరతి వేరు వేరు బడుల్లో చదువుతారు గానీ సాయంత్రాలు ఒకేచోట నేర్చుకుంటారు. మగ్గాలు అమ్మేసి ఖాళీ చేసిన ఒక పాత షెడ్డులో మ్యాట్ పరిచి అమోల్ సర్ అనే ఆయన నేర్పిస్తాడు. ఆయన దగ్గర పట్టు నేర్చుకోవడానికి ముందు శుభ్రం నేర్చుకోవాలి. స్నానం చేసి రావాలి, వెళ్లి మళ్లీ స్నానం చేయాలి. మ్యాట్‌ను రోజూ మందు నీళ్లతో తుడవాలి. ఒంటి మీద తామర కనబడితే తగ్గేదాకా మ్యాట్ ఎక్కకూడదు, దాచకూడదు. ఒకరి టవల్ ఒకరు ముట్టుకోకూడదు, టవళ్లు నేసే ఊళ్లో ఆ కక్కుర్తి దేనికని అరిచేవాడు. గోళ్లు చర్మం దాకా కత్తిరించి ఉండాలి. ఎదుటి పిల్ల శరీరం నీ చేతికి అప్పగించారు, అది నువ్వు జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయాలి అనేవాడు. ఋతుజ ఈ మాటను ఇంట్లో వల్లించేది. రేణుక చాట ముందు కూర్చుని ఊఁ కొట్టేది.

ఆ వానాకాలం రేణుకకు కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలు చీము పట్టి, నొప్పికి ప్రాణం విలవిలలాడి, చివరికి ఆ పేరుగాంచిన గోరు ఊడి చేతిలోకి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు కార్ఖానాలో అప్పుడే పని ఎక్కువైంది. నాలుగు వేళ్లతో ఆకు చుట్టగలదు గానీ మూతి మడవలేదు. అప్పుడు కూతురి వేలు గుర్తొచ్చింది. కుస్తీ నేర్పే ఆ షెడ్డు, అదే తాలీం, కప్పు కురుస్తోందని అమోల్ సర్ కొన్ని వారాలు మూసేశాడు, గోళ్లు చూసేవాడు లేడు. ఋతుజ గోరు పెరిగింది. తల్లి చుట్టిన బీడీలకు బడి నుంచి వచ్చిన కూతురు మూతులు మడిచింది. కార్ఖానాలో గుమస్తా ఎప్పటిలాగే కట్టలు విప్పకుండా పక్కన పెట్టాడు. తన గోరు ఊడిందన్న సంగతి రేణుక ఎవరికీ తెలియనివ్వలేదు, వేలికి గుడ్డ చుట్టుకుని ఆకు కోసుకుందని చెప్పింది.

కప్పు బాగుచేసేసరికి బడుల మధ్య జరిగే పోటీ వచ్చి నెత్తిన కూర్చుంది. ముందు రోజు సాయంత్రం ఋతుజ గోళ్లు తీసుకునే కత్తెర పట్టుకుని గడప దగ్గర కూర్చుంది. మిగతా గోళ్లన్నీ తీసి, బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి రేణుక కత్తెర లాక్కుంది.

"రేపు గోర్లు చూస్తరమ్మా. తీస్త," అంది ఋతుజ.

"ఇప్పుడు తీస్తె మల్ల ఎప్పటికి పెరుగాలె? మూతులెవరు మడుస్తరు, మీ నాయన మడుస్తడా?"

"రేకు తెచ్చుకుందం. మనీషత్త తీరు."

ఆ ఒక్క మాటకు రేణుక ఒళ్లు మండింది. కార్ఖానా వరసలో రేకు ముక్కతో నిలబడ్డ తనను తాను చూసుకుంది, వెనక నవ్వులు కూడా వినిపించాయి. కూడు కోసమైతే పిల్ల గోరు తీసి తాను రేకుతో మడిచినా కూడు దొరుకుతుంది. అది కూటి సంగతి కాదని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే, కత్తెర పైన అలమారలో పెట్టేసింది. మందుల దుకాణం నుంచి తెల్లని పట్టీ తెప్పించి పొద్దున తానే కూతురి బొటనవేలికి రెండు వరసలు చుట్టింది. ఎవరైనా అడిగితే తలుపు సందులో పడి నలిగిందని చెప్పమంది. ఋతుజ అబద్ధం చెప్పనంది. అయితే నేను చెప్తాలే అంది రేణుక.

చెప్పింది కూడా. పోటీ జరిగే చోట పిల్లలను వరసగా నిలబెట్టి ఒకామె చర్మం చూసింది, ఇంకొకామె చెవులు, జుట్టు, గోళ్లు చూసింది. ఋతుజ పట్టీ దగ్గర ఆగి ఏమిటిదని అడిగింది. పిల్ల తల వంచుకుంది. తాడు అవతల నిలబడ్డ రేణుక ముందుకొచ్చి, మరాఠీలో, తలుపు సందులో పడిందండీ, రాత్రంతా ఏడ్చింది పాపం, అయినా ఆడతానంటోంది అని చెప్పింది. అమోల్ సర్ దగ్గరకొచ్చి నొప్పిగా ఉంటే వద్దులే అన్నాడు. ఏం ఫర్వాలేదు సర్ అని రేణుకే జవాబిచ్చింది. తల్లి అంత ప్రేమగా చెబుతుంటే పట్టీ విప్పి చూపించమని ఎవరంటారు? ఆమె మాట నమ్మి పంపేశారు.

చివరి కుస్తీ ఋతుజకూ ఆరతికీ పడింది. మొదట ఆరతిదే పైచేయి. ఋతుజను రెండుసార్లు కింద పడేసింది. తాడు అవతల మనీషా, రేణుక పక్కపక్కనే నిలబడ్డారు. ఎవరు గెలిచినా మన నీలం నగర్‌కే కదా వదినా అని మనీషా నవ్వింది. ఇంతలో పిల్లలిద్దరూ పెనుగులాటలో ముఖాలు ఆనించుకుని గిర్రున తిరిగారు. చెమటకు పట్టీ జారిందో, చిరిగిందో, ఋతుజ చేయి ఆరతి ముఖం మీదుగా వెళ్లింది. ఆరతి తల విదిలించి ఒక కన్ను మూసుకుంది. ఆపమని ఒక చేయి పైకెత్తబోయింది. ఆ రెప్పపాటులో ఋతుజ ఆమె కాళ్లు అందుకుని వెల్లకిలా పడేసి భుజాలు మ్యాట్‌కు ఆనించింది. ఈల మోగింది. ఋతుజ చేయి పైకెత్తారు. తన గోరు తగిలిందని ఆమెకు తెలియదు, సంతోషంతో ఎగిరి గెంతింది, ఆ తర్వాత ఆరతిని కౌగిలించుకుంది. ఆరతి కన్ను తుడుచుకుంటూనే ఆమె వీపు తట్టింది.

రేణుక చూపు మాత్రం కూతురి బొటనవేలి మీదే ఆగింది. ఇంటికి వచ్చాక కూతురిని కూర్చోబెట్టి పట్టీ విప్పింది. గోరు కొస పట్టీని చీల్చుకుని బయటికొచ్చి ఉంది. గోటి కింద నల్లటి గీతలా ఆకు దుమ్ము, తంబాకు పేరుకుని ఉన్నాయి. పక్కింటివాళ్లు పేడా మిఠాయిలు తెచ్చి గడపలో నిలబడి ఉండగానే ఆమె కత్తెర దింపి ఆ గోరు మొదలంటా తీసేసింది.

"ఇప్పుడెందుకు తీస్తున్నవ్?" అంది ఋతుజ.

గెలిచినవ్, ఇగ పెద్ద పోటీకి పోవాలె గద బిడ్డా, అని ఏదో అంది రేణుక.

ఆరతి కన్ను మర్నాటికి ఎర్రబడింది. రెండు మూడు రోజుల్లో వాచిపోయి వెలుగు చూడలేకపోయింది. మ్యాట్ మీద ఏదో తగిలి ఉంటుందని డాక్టర్ చుక్కల మందు ఇచ్చాడు. తగ్గిపోతుందిలే, చిన్న గీతే కదా అని రేణుక తనకు తాను చెప్పుకుంది. అలా చెప్పుకుంటూ మనీషా ఇంటికి పండ్లు పంపింది, తాను మాత్రం వెళ్లలేదు. కార్ఖానాకు వెళ్లే దారి మార్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకపోయినా కుస్తీలో దెబ్బలు మామూలేనని కనబడిన వాళ్లందరికీ చెప్పింది.  ఇంట్లో గోడకు వేలాడదీసిన పతకాన్ని ఋతుజ రోజూ తుడిచేది, అది చూడలేక రేణుక చాటను వంటింట్లోకి మార్చుకుంది.

ఒక మధ్యాహ్నం ఋతుజ ఆరతిని చూసి వచ్చింది. వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆరతి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వచ్చిందట. మందు వేసినకొద్దీ ఎక్కువవుతోందట. ఆకో, పుల్లో, పొట్టో ఏదైనా కంట్లో పడిందా అని డాక్టర్ పదే పదే అడుగుతున్నాడట. అలాంటిది పడితే కంట్లో బూజు పడుతుంది, దాని మందు వేరు, ఇప్పుడు ఇచ్చేది దానికి పనిచేయదు అన్నాడట. అలాంటిదేమీ పడలేదు, మ్యాట్ మీద చేయి తగిలింది అంతే అని ఆరతి, మనీషా ఇద్దరూ చెబుతున్నారట.

రేణుక ఒళ్లో తునికాకు ఉంది, చేతిలో కత్తెర ఉంది. ఆ కత్తెర ఆగిపోయింది. డాక్టర్ ఎవరిని అడుగుతున్నాడో, జవాబు ఎవరి దగ్గర ఉందో ఆమెకు అర్థమైంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదేనని అనుకుంది. ఇప్పుడే లేచి వెళ్లాలి అనుకుంది. వెళ్లలేదు. చెబితే పిల్ల గెలుపు పోతుంది అని ఒక సాకు, మనీషా గల్లీ అంతా ఏకం చేస్తుంది అని ఒక సాకు, డాక్టర్లకు ఆమాత్రం తెలియదా అని ఇంకొక సాకు. ఆ సాయంత్రమంతా సాకులు చుట్టింది, ఆమె చేసిన బీడీల కంటే గట్టిగా చుట్టింది. పొద్దుపోయేసరికి ఆ సాకులన్నిటికీ కింద ఒక్కటే మిగిలింది. తనకు సిగ్గుగా ఉంది. ఒక పిల్ల కన్ను పోతున్నా తన సిగ్గే తనకు ఎక్కువగా ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లారి గోవర్ధన్ పనికి వెళ్లగానే మనీషా ఇంటికి వెళ్లింది. మనీషా చాట ముందు కూర్చుని రేకు ముక్కతో మూతులు మడుస్తోంది. లోపలి గదిలో ఆరతి కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుని ఉంది. రేణుక కూర్చోలేదు. గోరుచుట్టు దగ్గర మొదలుపెట్టి కత్తెర లాక్కోవడం, పట్టీ, తలుపు సందు అబద్ధం, గోటి కింద దుమ్ము, అన్నీ చెప్పింది. గోరు తగిలిన సంగతి ఋతుజకు తెలియదు, దాన్ని ఏమీ అనకు వదినా అని కాళ్ల మీద పడబోయింది.

మనీషా కాళ్లు వెనక్కి తీసుకుంది.  చేతిలో ఉన్న బీడీ మూతి మడిచి, దారం కట్టి, పక్కన పెట్టింది.

"నాకు చెప్తె ఏమొస్తది? నడువు, డాక్టర్ ముందట చెప్పు," అంది.

ఆటోలో ఆరతి ఇద్దరి మధ్య కూర్చుంది. నల్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆ పిల్ల నొప్పికి పక్కనున్న చేయి పట్టుకుంది. అది రేణుక చేయి. విడిపించుకుంటే బాగుండదు, పట్టుకుంటే భరించలేదు. డాక్టర్ ముందు రేణుక మొత్తం మళ్లీ చెప్పింది. ఆయన కోప్పడలేదు. కంటి మచ్చ మీద నుంచి కొంచెం గీకి పరీక్షకు పంపాడు, చుక్కలు మార్చాడు. మొదటి రోజే ఇది తెలిస్తే బాగుండేదమ్మా అన్నాడు, అంతే. తిట్టి ఉంటే రేణుకకు కొంత తేలికయ్యేది.

ఆ సాయంత్రం ఋతుజకు తానే చెప్పింది. పిల్ల ఏడుస్తుందనో అరుస్తుందనో అనుకుంది. ఋతుజ తన బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది.

"అయితె నేను గెల్వలే గద అమ్మా," అంది.

మర్నాడు ఆమె ఒక్కతే పతకం పట్టుకుని తాలీంకు వెళ్లింది. అమోల్ సర్ పోటీ పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి ఆ కుస్తీని కొట్టివేయించాడు. పెద్ద పోటీకి మూడో స్థానంలో ఉన్న పిల్ల వెళ్లింది. పట్టీ విప్పి చూడనందుకు తప్పు తనది కూడా అని ఆయన పిల్లలందరి ముందు చెప్పాడట. ఋతుజను పంపేయలేదు. ఆ పిల్ల రోజూ వెళ్లి మ్యాట్ తుడుస్తోంది, పట్టుకు మాత్రం ఇంకా దిగడం లేదు. తల్లితో అవసరమైన మాటలే మాట్లాడుతుంది. రేణుక ఆ మౌనాన్ని తన వంతుగా తీసుకుంది, బతిమాలలేదు.

కార్ఖానాలో సంగతి అందరికీ తెలిసింది. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. రేణుక రేకు ముక్కతో మూతులు మడుస్తోంది. గుమస్తా ఇప్పుడు ఆమె కట్టలు కూడా విప్పి చూస్తున్నాడు.

ఆరతి కన్ను దక్కింది. నొప్పి పోయింది, ఎరుపు తగ్గింది. నల్లగుడ్డు నడిమధ్య మాత్రం ఆ మచ్చ తెల్లటి పువ్వులా మిగిలింది. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ రేణుక కూడా వెళ్తోంది. మనీషా రమ్మనదు, రావద్దనీ అనదు. చీటీ తీసుకునే వరసలో రేణుక నిలబడుతుంది, లోపలికి పిలిచినప్పుడు తలుపు దగ్గరే ఆగిపోతుంది.

మొన్న వెళ్లినప్పుడు మనీషా మందుల కోసం కిందికి దిగింది. డాక్టర్ ఆరతి మంచి కన్నును అట్టతో మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఆమెకు అవి అలుక్కుపోయినట్టు ఉన్నాయి. అక్షరాలు వదిలేసి, తలుపు దగ్గర ఎవరున్నారో చెప్పమన్నాడు.

ఆరతి తల కొంచెం వంచి చూసింది. "అమ్మ," అంది.

రేణుక నోరు తెరవబోతే డాక్టర్ మాట్లాడవద్దని చేయి ఊపి, కొంచెం ముందుకు రమ్మన్నాడు. ఆమె గది మధ్యకు వచ్చి నిలబడింది. ఇప్పుడు చెప్పు అన్నాడు. అమ్మే అంది ఆరతి నవ్వుతూ, ఇందాకటి కంటే నమ్మకంగా. ఇంకా ముందుకు రమ్మన్నాడు. రేణుక ఆ పిల్ల కుర్చీకి తన చీర తగిలేంత దగ్గరికి వెళ్లి వంగింది. కంటి మధ్యలో ఉన్న తెల్లని మచ్చ అంత దగ్గరగా ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆరతి నవ్వు ఆగిపోయింది. "అమ్మ కాదు," అంది మెల్లగా. "రేణుకత్త."

"అవును బిడ్డా," అంది రేణుక. "నేనే."